మొహం చిన్నబోయిందా, చిన్నబుచ్చుకున్నారా?

రాజమండ్రి నుంచి ఒక కొత్త కోడలు రాసిన ఉత్తరం ఇది. పేరు వేయవద్దన్నారు. పుట్టి పెరిగింది ఖరగ్‌పూర్‌లో. తాతగారి కాలంలో రైల్వే పనికి వెళ్ళి అక్కడే ఉండిపోయిన కుటుంబం. ఇంట్లో తెలుగు, వీధిలో బెంగాలీ, బడిలో హిందీ. తెలుగు చదవడం, రాయడం వాళ్ళ నాన్నగారి దగ్గర కూర్చుని నేర్చుకున్నారట. ఎనిమిది పేజీల ఉత్తరంలో అక్షరదోషాలు నాకు మూడే కనిపించాయి. ఇక్కడే పుట్టి పెరిగినవాళ్ళు రాసే ఉత్తరాల్లో మొదటి పేరాలోనే అన్ని ఉంటాయి.

పెళ్ళయి ఎనిమిది నెలలు. ఇంట్లో భర్త, అత్తమామలు. పక్క వీధిలో బావగారు, తోడికోడలు. ఈమె ఒక కంప్యూటర్ కంపెనీ ఉద్యోగం ఇంటి నుంచే చేస్తారు. బాధ ఏమిటంటే, అత్తగారు వారానికి నాలుగుసార్లు తన మొహం గురించి ఏదో ఒకటి అంటారు. అన్న మాటలన్నీ తేదీలతో సహా ఒక నోటుపుస్తకంలో రాసుకున్నారు. అందులోంచి కొన్ని నాకు పంపారు.

కాపురానికి వచ్చిన రెండో రోజున అత్తగారు అన్నారట: "ఇద్దరూ మగపిల్లలే. ఇంట్లో ఆడపిల్ల సందడికి మొహం వాచిపోయి ఉన్నామమ్మా." హిందీలో మూహ్ ఫులానా అంటే అలగడం. మూతి బిగించుకుని కూర్చోవడం. రెండో రోజునే అంతా తన మీద అలిగారనుకుని ఈమె, "నా వల్ల తప్పేమైనా జరిగితే క్షమించండి" అన్నారు. గదిలో ఉన్న ఏడుగురూ ఘొల్లుమన్నారు. ఎందుకు నవ్వారో ఎవరూ చెప్పలేదు.

మే నెలలో మధ్యాహ్నం బజారుకు వెళ్ళి వస్తే, "అయ్యో, మొహం నల్లబడిపోయిందే" అన్నారు. హిందీలో మూహ్ కాలా అంటే పరువు తక్కువ పని చేసి అప్రతిష్ఠ పాలవడం. స్నానాల గదిలోకి వెళ్ళి ఏడ్చానని రాశారు. మరో రోజు, వాషింగ్ మెషీన్ కొందామని ఈమె అన్న పూటే, రాత్రి అత్తగారు కొడుకుతో చెబుతుంటే వినబడింది: "పిల్ల మొహం చిన్నబోయిందిరా, ఏమైందో కనుక్కో." ఛోటా మూహ్ బడీ బాత్ అని హిందీ సామెత. తాహతుకు మించి మాట్లాడేవాళ్ళను అంటారు. మెషీన్ మాట ఎత్తినందుకు కొడుక్కి ఫిర్యాదు చేస్తున్నారనుకుని తెల్లవార్లూ నిద్రపోలేదట.

ఇక "ఊరికే అలా మొహం మాడ్చుకుంటావేమిటి" అన్నది పుస్తకంలో పదకొండుసార్లు ఉందట. ఆఖరుది తోడికోడలి సీమంతం నాటిది. తలనొప్పి వచ్చి లోపలి గదిలో పడుకుంటే, తలుపవతల అత్తగారి గొంతు: "పేరంటాళ్ళు వచ్చే వేళకు మా చిన్నకోడలు మొహం చాటేసింది." ఆ తరువాత ఈమె అద్దం ముందు నిలబడి నవ్వడం సాధన చేశారు. నవ్వు మొహంతోనే నాలుగు రోజులు తిరిగారు. ఐదో రోజున, "ఎందుకమ్మా ఆ నవ్వు పులుముకుని తిరగడం" అన్నారు అత్తగారు.

భర్త "అమ్మ మాటలు అంతే, పట్టించుకోకు" అంటారు. దానవాయిపేటలో ఒక పోర్షన్ అద్దెకు ఉందట. వెళ్ళిపోవాలా, భర్త చేత అడిగించాలా, ఊరుకోవాలా? ఇందులో ఏవి తిట్లు, ఏవి కావు? చివర్లో మామగారి గురించి ఒక చిన్న ప్రశ్న. అది ఆఖరున చూద్దాం.

అమ్మా, మీ ఉత్తరం చదువుతూ రెండుచోట్ల నవ్వాను, క్షమించాలి. మూడోసారి చదివినప్పుడు నవ్వు రాలేదు. ముందు మీ నోటుపుస్తకం తెరుద్దాం. ఎక్కడికి వెళ్ళాలో ఏం చేయాలో తరువాత సంగతి.

మొహం వాచిపోవడం అంటే ఒకదాని కోసం ఎంతగానో ఎదురుచూసి, అది దొరకక అలమటించడం. వానకు మొహం వాచిన రైతులు అంటాం. పప్పన్నానికి మొహం వాచిపోయానని హాస్టల్ పిల్లవాడు అంటాడు. మీ అత్తగారు ఆ రోజు మీకు చెప్పినది ఒక కొత్త కోడలు వినగలిగిన మాటల్లో దాదాపు అన్నిటికన్నా మంచిది. దానికి మీరు క్షమాపణ చెప్పారు! అయితే ఇదే వాపు ఇంకోచోట వేరుగా పని చేస్తుంది. "మొహం వాచేలా చీవాట్లు పెట్టారు" అంటే బాగా తిట్టారని. కాబట్టి మీరు పొరబడటం వింత కాదు.

నల్లబడటం ఎండ వల్ల, అలసట వల్ల. చాలాసార్లు అంతకు మించి అర్థం ఉండదు. ఎవరైనా అన్న మాటకు మొహం నల్లబడిందంటే నొచ్చుకున్నారని. పరువుకూ దానికీ సంబంధం లేదు. "అయ్యో" అని మొదలుపెట్టి ఎవరూ నిందించరు. ఆ అయ్యో మీ పుస్తకంలో ఉంది, మీ లెక్కలోకి రాలేదు.

హిందీ మూహ్, మన మొహం రెండూ సంస్కృత ముఖం నుంచే వచ్చాయి. సంస్కృతంలో ఆ మాటకు నోరు, మొహం రెండు అర్థాలూ ఉన్నాయి. హిందీ రెండిటినీ ఉంచుకుంది. తెలుగుకు నోరు అనే సొంత మాట ముందే ఉంది కనుక, మనకు మొహం మొహంగానే మిగిలింది. మీరు మీ అత్తగారి ప్రతి మాటలోనూ నోటిని వెతికారు. ఆవిడ ఎనిమిది నెలలుగా చూస్తున్నది మీ కళ్ళ కింద నలుపు.

ఇక మీకు ఒక కిటుకు చెబుతాను. తెలుగులో మొహం మాటలు విన్నప్పుడు మొహాన్ని వదిలేసి, వెనక వచ్చే క్రియను పట్టుకోండి. నింద ఎవరి మీద పడుతోందో అక్కడ తెలుస్తుంది. మొహం చిన్నబోయింది. అంటే అది తనంతట తానే అయింది, మీ తప్పు లేదు, ఎవరో ఏదో అన్నారు. చిన్నబుచ్చుకుంది అంటే మీరు చేసుకున్నారు, మనసుకు పెట్టుకున్నారు, అక్కర్లేకపోయినా. చిన్నబుచ్చారు అంటే అవతలివాళ్ళ తప్పు. ఒక్క చిన్నతనమే మూడు తీర్పులు ఇస్తుంది. మీ అత్తగారు కొడుకుతో అన్నది మొదటిది. పిల్ల నొచ్చుకుంది, ఎవరి వల్లనో కనుక్కోరా అని. ఆ రాత్రి ఆవిడ మీ తరఫున మాట్లాడుతున్నారు. మీరు నిద్రపోని ఆ రాత్రి ఆవిడకూ నిద్ర పట్టిందో లేదో.

మాడటమూ అంతే. అడగ్గానే లేదనేసరికి వాడి మొహం మాడిపోయింది అంటే పాపం అని. మొహం మాడ్చుకుంది అంటే కావాలని చేసిందని. పొయ్యి మీద అన్నం లాంటిదే. మాడింది అంటే మంట ఎక్కువైంది, మాడ్చింది అంటే చూసుకోలేదు. పదకొండుసార్లు మీరు విన్నది రెండోది. ఇది నిందే. మీరు సరిగ్గానే నొచ్చుకున్నారు.

మూడో రకం ఒకటుంది. వేయడం, పెట్టడం. తెల్లమొహం వేసింది, వెర్రిమొహం వేశాడు, ఏడుపుమొహం పెట్టింది. వేషం వేసినట్టు, బొమ్మ పెట్టినట్టు. వీటిలో కాస్త వెక్కిరింత ఉంటుంది. అదే తెల్లబోయింది అంటే వెక్కిరింత పోయి ఆశ్చర్యమే మిగులుతుంది. బిక్కమొహం వేసింది అన్నప్పుడు మాత్రం జాలి కూడా కలుస్తుంది, పిల్లలు బుంగమూతి పెట్టారంటే ముద్దు కలుస్తుంది. మొహం చేటంత చేసుకుంది అంటే, చేసుకుంది అని ఉన్నా, అది సంతోషం. నియమం చెప్పగానే దాన్ని ధిక్కరించే మాట ఒకటి పక్కనే నిలబడి ఉంటుంది, తెలుగుతో ఇదొక తంటా.

ఇంకో సంగతి. మొహం అన్నంతసేపు పరిస్థితి చేతిలోనే ఉన్నట్టు. మూతి అన్నారంటే వేడి పెరిగిందని. కుండకు మూతి ఉంటుంది, పిల్లికి మూతి ఉంటుంది. ఎదిగిన మనిషికి మూతి ముడవడం, మూతి తిప్పడం, మూతి విరవడం అంటగడితే గౌరవం ఒక మెట్టు దిగినట్టే. మీ పుస్తకంలో అత్తగారి నోట ఒక్కసారి కూడా మూతి రాలేదు, వెతికి చూశాను. సీమంతంలో తోడికోడలి పిన్ని మూతి తిప్పిందని రాసింది మీరు. ఆవిడను ఆవిడ మానాన వదిలేయండి. ప్రతి సీమంతానికీ అలాంటి పిన్ని ఒకరు వస్తారు.

ఇప్పుడు చాటేయడం. ఇది తేలిక మాట కాదు. చాటు చేసుకోవడం, కావాలని తప్పించుకోవడం. వానలు మొహం చాటేశాయని పత్రికలు రాస్తాయి, అప్పు తీసుకున్నవాడు మొహం చాటేశాడని మనం అంటాం. పదిమంది పేరంటాళ్ళ ముందు కోడలి గురించి ఆ మాట అనడం తప్పు. తలనొప్పి అని తెలిసి అన్నారా, తెలియక అన్నారా అనేది మీ ఉత్తరంలో లేదు. తెలియక అయితే తొందరపాటు. తెలిసి అయితే మరో రకం సంగతి. ఎటైనా, అర్థం తెలుసుకున్నంత మాత్రాన ఈ ఒక్క మాట మెత్తబడదు. నిఘంటువు చూపించి మీ బాధను కొట్టిపారేయడం నా ఉద్దేశం కాదు.

నాకు ఇంకోటి కూడా నచ్చలేదు. కొత్త కోడలి మొహాన్ని ఇంటిల్లిపాదీ గోడ గడియారంలా చూడటం. ఎన్నింటికి వెలిగింది, ఎన్నింటికి వాడింది. భరతుడి నాట్యశాస్త్రం ముఖరాగాలు, అంటే మొహం మీది రంగులు, నాలుగని చెబుతుంది: స్వాభావికం, ప్రసన్నం, రక్తం, శ్యామం. ఎర్రబడటానికీ నల్లబడటానికీ ముందే మొదటి చోటు స్వాభావికానికి ఇచ్చింది. ఏ భావమూ లేని మామూలు మొహం అది. రంగస్థలం మీదే దానికి చోటుంటే, ఇంట్లో లేకపోవడం ఏమిటి? గంటలకొద్దీ కంప్యూటర్ ముందు కూర్చుని లేచిన మనిషి మొహం స్వాభావికంగానే ఉంటుంది. దాన్ని మాడ్చుకోవడం అని చదివితే, ఆ చదువు తప్పు.

కానీ ఆవిడ వైపు నుంచి కూడా ఒకసారి చూడండి. ఆవిడ ఏదో అంటారు. మీకు అర్థం కాదు. అర్థం కాలేదని చెప్పరు. మొహంలోంచి కళ తీసేసి లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంటారు. ఆవిడకు కనిపించేది మూసిన తలుపు. మా అమ్మమ్మ అయితే రెండో రోజుకే, "పిల్ల గడుసుది, మనసులో మాట బయటపడనివ్వదు" అని తేల్చేసేది. ఆవలిస్తే పేగులు లెక్కపెడతానని ఆవిడకు ధీమా. లెక్క చాలాసార్లు తప్పేది, ఒప్పుకునేది కాదు.

ఇక ఏం చేయవచ్చో చూద్దాం.

అర్థం కాని మాట విన్నప్పుడు అక్కడికక్కడే అడగడం ఒక దారి. "అత్తయ్యా, చాటేయడం అంటే ఏమిటి?" అని. నలుగురిలో అడిగితే మళ్ళీ ఘొల్లుమంటారు, మీకు ఆ రెండో రోజు గుర్తొస్తుంది. గోరుచిక్కుళ్ళ ఈనెలు తీస్తూ ఇద్దరే ఉన్నప్పుడు అడిగితే వేరు. నష్టం కూడా చెబుతాను. మా కోడలికి తెలుగు సగమే వచ్చు అనే కథ బంధువుల్లో ఒక చుట్టు తిరుగుతుంది. ఆవిడే తిప్పుతారు, అదీ కాస్త మురిపెంగానే తిప్పుతారు. ఆ కథ మీకు గిట్టదంటే ఈ దారి వద్దు. గిట్టకపోయినా ఫరవాలేదు అనుకుంటే, గడుసుది అనే పేరు దాని కింద కొట్టుకుపోతుంది.

మీ మొహాన్ని మాటల్లోకి మార్చడం ఇంకోటి. "తలనొప్పిగా ఉంది అత్తయ్యా, ఒక గంట పడుకుంటాను" అని సీమంతం నాడు ఆవిడతో చెప్పారా? ఉత్తరంలో మీ ఆయనకు మెసేజ్ పెట్టానని ఉంది. ఆయన ఫోను చూసుకున్నారో లేదో. మీ పుట్టింట్లో చెప్పకుండానే అర్థం చేసుకునేవారు కావచ్చు. ఇక్కడ చెప్పాల్సి వస్తుంది, ఇది మీకు రోజువారీ శ్రమ. నాలుగు రోజులు నవ్వు పులుముకోవడం కన్నా తక్కువ శ్రమే అనిపిస్తుంది నాకు. ఆ నవ్వు సాధన మాత్రం ఆపేయండి. నోటితో పలకరించి నొసటితో వెక్కిరించేవాళ్ళను జీవితమంతా చూసిన ఆడవాళ్ళ ముందు అద్దంలో నేర్చిన నవ్వు నిలవదు. ఐదో రోజున పట్టేశారు కదా.

మీ ఆయన చేత అడిగించడం గురించి. "నా భార్య మొహం గురించి మాట్లాడకు" అని కొడుకు తల్లితో అంటే, ఆ ఇంట్లో మొహం మాటలు ఆగిపోతాయి. మిగతా మాటలు కూడా ఆగిపోవచ్చు. కొడుకు చేత చెప్పించింది అనేది చాలా ఏళ్ళు మానని పుండు. కానీ ఆయన పట్టించుకోకు అని దాటేయడం కూడా నాకు ఒప్పుదల కాదు. ఆయనకు రెండు భాషలూ తెలుసు, మీ మొహమూ తెలుసు, వాళ్ళమ్మ మాటా తెలుసు. చాటేసింది అన్నప్పుడు, "చాటేయడం కాదమ్మా, తలనొప్పితో పడుకుంది" అని అదే గదిలో ఒక్క వాక్యం అనవలసింది ఆయనే. జరిగినదానికి ఇప్పుడు నిలదీయనక్కర్లేదు. ఇకముందు అలాంటప్పుడు ఆ ఒక్క వాక్యం అంటారా అని ఆయన్ను అడగండి. అలా అనడం ఆయనకు మొహమాటం కావచ్చు. ఆ మాటలోనూ మొహమే ఉంది చూడండి.

సీమంతం మాట గురించి అత్తగారినే నేరుగా అడగడం కూడా మీ చేతిలోనే ఉంది. "ఆ రోజు మీరన్న మాట నాకు కష్టంగా ఉంది, నిజంగానే ఒంట్లో బాగాలేదు" అని. ఆవిడ అయ్యో అనవచ్చు. "నేనెప్పుడన్నాను" అని బుకాయించవచ్చు. బుకాయిస్తే వాదించకండి, తేదీలున్న ఆ నోటుపుస్తకం మాత్రం చచ్చినా చూపించకండి. మాటలు అర్థం చేసుకోవడానికే మీరు రాసుకున్నారని నాకు తెలుసు, కానీ చూసినవాళ్ళకు అది చిట్టాపుస్తకంలా కనిపిస్తుంది. అర్థాల కోసమే అయితే తేదీలు కొట్టేసి, మాటకు పక్కన మీకు తెలిసిన హిందీ మాట రాసుకుంటూ వెళ్ళండి. ఈ రెండు భాషల్లో చుట్టాలైన మాటలు ఎక్కడ కలిసి నడుస్తాయో, ఎక్కడ దారి మారుస్తాయో మీకే తెలుస్తుంది.

దానవాయిపేట పోర్షన్. వెళ్ళడం తప్పు కాదు. ఉద్యోగం ఇంటి నుంచి చేసేవారికి తలుపు వేసుకోవడానికి ఒక గది కావాలి, ఆ కారణం ఒక్కటే చాలు. కానీ ఈ నెలలో వెళ్తే మీరు ఐదు తిట్లను వెంట తీసుకువెళ్తారు, వాటిలో మూడు అసలు తిట్లే కావు. మూడు నెలలు ఆగి చూడండి అంటాను. మాటలు అర్థమయ్యాక కూడా మాడ్చుకున్నావు, చాటేశావు అన్నవే ఎక్కువ వినబడుతుంటే, అప్పుడు మీకు తెలుగు రాకపోవడం సమస్య కాదన్నమాట. అప్పుడు అద్దె కట్టండి. వెళ్ళినా రాజమండ్రిలోనే ఉంటారు కాబట్టి, ఆదివారం భోజనానికి వచ్చినప్పుడు మాత్రం అత్తగారు మీ మొహం చూస్తూనే ఉంటారు. చిక్కిపోయింది అంటారు. ఆ మాటకు భయపడకండి, దానికి ఒకే అర్థం: ఇంకో ముద్ద పెట్టించుకోమని.

ఇక మామగారి సంగతి. మీరు మూడుసార్లు ఆలూ పోస్తో, అంటే గసగసాలు వేసిన బంగాళాదుంప కూర, చేశారు. మూడోసారి ఆయన, "మొహం మొత్తేదాకా తిన్నానమ్మా" అన్నారు. మొహం మీద కొట్టినట్టుంది అనుకుని మీరు మళ్ళీ చేయలేదు. మొత్తడం అంటే కొట్టడమనే అర్థమూ ఉంది, అంతవరకు మీరు సరే. కానీ తిండి దగ్గర మొహం మొత్తడం అంటే తిని తిని ఇక చాలు అనిపించడం. "ఈ కూరతో మొహం మొత్తింది" అంటే విసుగు. "మొహం మొత్తేదాకా తిన్నాను" అంటే ఆపలేకపోయాను అని మెచ్చుకోలు. మధ్యలో ఉన్న ఆ దాకాను మీరు జారవిడిచారు. పెద్దాయన గసగసాల కూర మళ్ళీ ఎప్పుడు చేస్తారా అని ఇన్నాళ్ళూ అడగలేక ఊరుకుని ఉంటారు. ఈ ఆదివారం చేయండి. వచ్చే ఆదివారం మాత్రం వద్దు.